అట్టలో ఆఖరి వరస

దేవమణి పొయ్యిలో తడికట్టెలు ఊదుతుంటే వరప్రసాదరావు వసారాలోంచే చెప్పాడు. "జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరమొచ్చింది. నీ నర్సు పోస్టుకి మార్చి తర్వాత డబ్బు మంజూరు చేయరట. పిల్లలందరి చూపూ బాగుందని నువ్వే రాశావుగా. పోస్టు ఇంకా ఎందుకో నెలాఖరులోగా చెప్పమన్నారు. ఏం చెబుతావు? ఇంటిపట్టున ఉండు."

జగ్గయ్యపేట హైస్కూల్లో ఆయన మాస్టారు. ఆమె అక్కడే నర్సుగా చేరి ఏడాదైంది. దెబ్బలకు కట్లు కట్టింది, గజ్జికి మందు పూసింది. హెడ్మాస్టరు గారింటావిడ కాళ్లకు తైలమూ రాసింది. స్టాఫు గదిలో కాఫీ అందించమంటే అందించింది. "కూర్చుని తినే ఉద్యోగం" అని మొగుడు నవ్వేవాడు. ఇంటికొస్తే అత్త ఆరోగ్యమ్మ "రోగాల్ని ముట్టుకొచ్చావు, నీళ్లు పోసుకుని వంటకి రా" అనేది. అవన్నీ మింగింది. ఒక్కటే మింగుడు పడలేదు. మూడొందల మంది పిల్లలు. ఒక్కరికైనా చూపు తక్కువ లేకపోవడమేమిటి?

మర్నాడు ఏడో తరగతి జమీలాబీని పిలిచి గీత మీద నిలబెట్టింది. ఎదుటి గోడకు చూపు పరీక్షించే అక్షరాల అట్ట. పైన పెద్దవి, కిందికి పోనుపోను చిన్నవి. పిల్ల గడగడా చదివింది. చూపు మాత్రం కిటికీ మీదుంది. దేవమణి అట్ట తీసి వెనక దాచింది.

"ఇప్పుడు చదువమ్మా."

ఉత్త గోడకేసి చూస్తూ పిల్ల ఆఖరి వరస దాకా అప్పజెప్పింది.

"ఎవరు నేర్పారే?"

"వరప్రసాదరావు మాస్టారండి. తప్పితే తొడపాశం పెడతారండి. మా క్లాసుకే కాదు, అన్ని క్లాసులకీ వచ్చండి. కింది నుంచి పైకి కూడా వచ్చండి!"

దేవమణికి కోపం కంటే ముందు నవ్వొచ్చింది. వేరే అక్షరాలతో కొత్త అట్ట రాసింది. దాన్ని గోడకు తగిలించలేదు, సంచిలోనే ఉంచుకుంది. వారం తిరిగేసరికి నలభై ఒక్క మందికి చూపు తక్కువని తేలింది. జమీలాబీకి పై అక్షరమొక్కటే ఆనింది.

శనివారం మధ్యాహ్నం మొగుణ్ణి అడిగింది.

"నీ కోసమే చేశా" అన్నాడాయన. "పిల్లలు తడబడితే నలుగురూ నవ్వరూ, మాస్టారి పెళ్లాం పరీక్ష అని?"

"అది పాఠం కాదండీ, కళ్లు."

ఆమె జవాబు రాయడానికి కూర్చుంది. నలభై ఒక్క పేర్లూ రాసింది. మొదటిసారి ఎందుకు తప్పిందో కూడా రాసింది: "పిల్లలు చూడలేదు, అప్పజెప్పారు. నేర్పినది నా భర్త."

ఆయన భుజం మీంచి చదివాడు. "మొగుణ్ణి రచ్చకీడుస్తావా? ఆ ముక్క కొట్టెయ్. కవరు నేనే పోస్టు చేస్తాలే."

ఆమె ఉత్తరాలు ఇన్నాళ్లూ ఆయనే పోస్టు చేసేవాడు. దేవమణి ఏ ముక్కా కొట్టేయలేదు. కవరు అంటించి, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.

"కాఫీ ఎవరు పెడతారే?" లోపల్నుంచి అత్త కేకేసింది.

దేవమణికి వినపడింది. ఆగలేదు. కళ్లజోడు పెట్టుకున్నాక జమీలాబీ మొదట దేన్ని చూస్తుందా అని ఆలోచిస్తూ పోస్టాఫీసు వైపు తిరిగింది.