రచయిత గడిలో కాపురం

రాయల్టీ దరఖాస్తులో "రచయిత" అనే గడిలో ఒకావిడ కాపురం ఉంటోంది. సన్యాసినాయుడికి ఆ సంగతి సోమవారం ఉదయం పదకొండింటికి, విశాఖపట్నంలో పాటల హక్కుల కార్యాలయం మూడో కౌంటరు దగ్గర తెలుస్తుంది.

కౌంటరులో ఉన్న సత్యవేణి దరఖాస్తును అతని వైపు తిప్పి పెన్ను మొనతో చూపిస్తుంది. అగ్గిపెట్టెంత గడి. అందులో కిరసనాయిలు స్టవ్వు వెలుగుతోంది. దండెం మీద చీర ఆరుతోంది. ఆవిడ వీపు ఇటు పెట్టి కూర్చుని చింతపండు పిసుకుతోంది.

"గడిలో మనుషులుంటే మేం తీసుకోమండీ," అంటుంది సత్యవేణి. "ఇక్కడ మీరేం రాశారు?"

"జానపదం అని రాశానండి."

"అంటే ఎవరూ లేరని. ఎవరూ లేని చోట ఎవరైనా దిగొచ్చు కదా. ఆవిడ దిగారు."



సన్యాసినాయుడు సొంతంగా పాటలు చేసుకుని సొంతంగా ఇంటర్నెట్‌లో పెట్టుకునే మనిషి. వెనక కంపెనీ లేదు, మేనేజరు లేడు. ఆల్బమ్ మీద అతని పేరు "శ్రేయాన్". ఆ పేరుకు ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలుంటే కలిసొస్తుందో తేల్చుకోవడానికి ఇద్దరు జ్యోతిష్కుల చుట్టూ నెల్లాళ్లు తిరిగాడు. తన పేరు దగ్గర అంత జాగ్రత్త. ఈమధ్య ఎవరో తన పాటను అడక్కుండా ప్రకటనలో వాడుకున్నారని మండిపడి, హక్కులు కాపాడుకుందామని ఇక్కడికి వచ్చాడు.

సత్యవేణి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ పాట వింటుంది. కాంక్రీటు కలిపే మిల్లరు యంత్రాన్ని అత్తగారిని చేసిన పాట అది.

మిల్లరు మాయత్త గిర్రున తిరుగుతాది
కంకర మింగీసి కసురుకుంటాది

"జానపదంలోకి మిల్లరు ఎప్పుడొచ్చిందండీ?" అని అడుగుతుంది. "ఇది ఎవరు కట్టారో మీకు తెలుసు కదూ?"

తెలుసు. రెండేళ్ల కిందట మధురవాడలో ఒక స్లాబు పని దగ్గర, అతని కళ్ల ముందే, ఇప్పుడు గడిలో ఉన్న ఈ కూలి ఆవిడ కట్టింది. మూడు వారాలు మధ్యాహ్నం పూట రికార్డరు పట్టుకుని వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ టిఫిను మూతలో తన అన్నం సగం పెట్టింది. కడుపు నిండా తిన్నాడు.

"అయితే ఆ పేరు రాయండి," సత్యవేణి పెన్ను అందిస్తుంది. "పేరు రాస్తేనే గడికి తలుపు వస్తుంది. ఒంటిగంటకి సీలు వేసేస్తాను. ఆ తర్వాత లోపల గాలాడదు."

సన్యాసినాయుడు పెన్ను మూత తీస్తాడు. మళ్లీ పెడతాడు. ఫోను తీసి చూస్తాడు. అందులో ఆవిడ నంబరు "స్లాబ్ పాట" అని ఉంది. తల కొట్టేసినట్టవుతుంది.

గడి మీదికి వంగి, "అమ్మా," అంటాడు.

ఆవిడ తిరిగి చూస్తుంది. "ఏటి బాబూ, ఇన్నాళ్లకి గేపకం వొచ్చినానా?"

"మీ పేరు చెప్పమ్మా."

"ఆకరి సరనంలో ఎట్టినాను కదా. పాట కట్టినోలు ఆకర్ని పేరెట్టుకుంటారు. మాయమ్మ అలగే ఎట్టుకుంది, నానూ అలగే ఎట్టుకున్నాను."

ఆ చరణాన్ని అతనే కోసేశాడు. పాట మూడు నిమిషాలు దాటితే జనం వినరని. కోసిన ముక్కను దాచను కూడా లేదు.

"ఇంకోసారి చెప్పండి."

"మరేటి సెప్పను? ఆ సరనంతోటి నా పేరూ ఎలిపోనాది. నువ్వు ఇన్నావు కదా, నువ్వే సెప్పు."

అతని వెనక వరసలో పదిహేనుమంది ఉన్నారు. అయినా నోరు విప్పి గట్టిగానే అంటాడు. "నాకు తెలీదమ్మా. నేనెప్పుడూ అడగలేదు."

వరసలో ఉన్నవాళ్లు ఎవరి దరఖాస్తులు వాళ్లు మెల్లగా చొక్కాల కింద దాచుకుంటారు.

"నిజం సెప్పినావు, మంచిదే," అంటుంది ఆవిడ. "సెవి ఇలగియ్యి. మొదలెట్టి పాడతాను. ఆకరికెలితే పేరు దానంతటదే వొస్తాది. ఎవులూ ఇనకపోతే మాత్రం ఆకరు రాదు."

సన్యాసినాయుడు కుడి చెవి తీసి గడి అంచున పెడతాడు. తీయడం పెద్ద కష్టం కాదు. రికార్డరు కొన్నాక దాన్ని వాడిందే తక్కువ. ఆవిడ చెవిని కొంగుతో తుడిచి గోడకు మేకు కొట్టి తగిలిస్తుంది.

పాట మొదలవుతుంది. ఈ రెండేళ్లలో ఆవిడ చాలా చరణాలు కట్టుకుంది. నడుం నొప్పి మీద ఒకటి, మేస్త్రి సెల్ఫోను మీద ఒకటి, సగం పెట్టిన అన్నం మీద ఒకటి. ఆ మూడోది వస్తుంటే అతనికి తలెత్తబుద్ధి కాదు. ఒక్కో చరణం అయ్యేసరికి ఒక్కో స్లాబు పడుతోంది. కాగితంలోంచి భవనం లేచి కార్యాలయం పైకప్పు దాటుతుంది. ఉద్యోగులు దారిస్తూ కుర్చీలు పక్కకు జరుపుకుంటారు.

ఆవిడ గొంతు ఇప్పుడు ఎనిమిదో అంతస్తు నుంచి వస్తోంది.

"పైకి వెళ్లండి," సత్యవేణి గడియారం చూస్తుంది. "కింద నుంచుంటే పేరు వినపడదు. పన్నెండున్నరయింది."

సన్యాసినాయుడు మెట్లెక్కుతాడు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. అడుగు వేసిన చోటల్లా గుర్తు దిగుతోంది. పైన పాట ఇంకో అంతస్తు పెరుగుతుంది. అతను ఎంత ఎక్కినా అంతే దూరం మిగులుతోంది.

ఆరో అంతస్తులో రొప్పుతూ ఆగి వెనక్కి చూస్తాడు. మెట్ల మీద తన అడుగులన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో నోట్లో పాలపళ్లు మొలుస్తున్నాయి.

"ఇప్పుడిటు వెళ్లిందెవరు?" అని కింది అడుగు అడుగుతుంది.

"ఎవరో," అంటుంది పై అడుగు. "అడగలేదు."