మల్లయ్య వంత

సముద్రాల అవతలి చెరకు దీవిలో, కాంప్ ద మాస్క్ ఊరి తెలుగు భజన బృందంలో ముప్ఫై ఏళ్లుగా వంత పాడేది మల్లయ్యే. బావమరిది ఆంజనేయులు వరుస ఎత్తుకుంటే, అది ముగిసేలోపే మల్లయ్య అందుకునేవాడు. అర్థం చూసుకునే తీరిక ఉండేది కాదు. అవసరమూ రాలేదు.

అతని కొడుకు శివరాం, చక్కెర మిల్లులో పనిచేసే, తెలుగువాడు కాని మార్సెల్‌తో ఆరేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేశాడు. ఊరికంతా తెలుసు. శివరాం జ్వరంతో పోయాక, పదో రోజు భజనకి బృందం రానంది.

కోవెల్లో సభ పెట్టారు. మగవాడు మగవాడితో ఉండటం పాపమని శాస్త్రం చెప్పిందన్నాడు ఆంజనేయులు. శాస్త్రం పేరు చెప్పి నీ మాట చెబుతున్నావన్నాడు మల్లయ్య. స్వాతంత్ర్యం రాబోతోంది, ఎవరి మతాన్ని వాళ్లు కాపాడుకునే రోజుల్లో మనవాడే మన మతాన్ని ద్వేషిస్తున్నాడని నలుగురూ లేచారు.

"తోటల్లో దొరలు మన దేవుణ్ణి ఎగతాళి చేశారు. ఇప్పుడు నువ్వు మొదలెట్టావా, బావా?" అన్నాడు ఆంజనేయులు.

"నేను నీ మాట కాదన్నాను. నిన్ను గుమ్మం బయట నిలబెట్టలేదు. మీరు చచ్చిన నా బిడ్డను నిలబెట్టారు. ద్వేషం ఎవరిదో చెప్పు."

సిగ్గుపడ్డారో, వంతవాడు పోతాడని భయపడ్డారో, చివరికి వస్తామన్నారు. మార్సెల్ దీపం పక్కనే ఉంటాడని మల్లయ్య పట్టుబట్టాడు. దానికీ ఒప్పుకున్నారు.

పదో రోజు మధ్యాహ్నం మార్సెల్ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మల్లయ్య భార్య పోయినప్పటి నుంచి మూలన పడున్న ఇత్తడి దీపాన్ని చింతపండుతో తోమింది మార్సెలే. వత్తి వెలిగించారు. బృందం దీపం చుట్టూ అడుగులు వేస్తూ పాడింది. అన్నీ పాత పాటలే. చాలా రోజులకి మల్లయ్యకి ఊపిరి ఆడింది. తాళం వేగం పెరిగింది. అప్పుడు ఆంజనేయులు గొంతెత్తాడు.

"పాడు బతుకును మన్నించు గోవిందా, శివరాం పాపం కడుగు గోవిందా."

"శివరాం పాపం కడుగు గోవిందా," అని అందుకున్నాడు మల్లయ్య. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.

తెలిసేసరికి మాట దాటిపోయింది. ఆంజనేయులు అతని వంక చూడనైనా లేదు. తర్వాతి వరుస ఎత్తుకున్నాడు.

మార్సెల్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"శివరాం నాకు తెలుగు నేర్పాడు, నాయనా," అన్నాడు మల్లయ్యతో.

అంతే. చెరకు గట్టు మీదుగా సెయింట్ పియర్ బస్సు కోసం నడిచిపోయాడు. మళ్లీ రాలేదు.

మరుసటేడు దేశానికి కొత్త జెండా వచ్చింది. ఊరేగింపులో వంతకి రమ్మని మనిషిని పంపారు. మల్లయ్య తలుపు తీయలేదు. బృందం వీధిలోంచి పాడుకుంటూ పోతుంటే, నోరు తెరుచుకోకుండా పళ్లు బిగించి కూర్చున్నాడు.