పక్కన పెట్టిన రాయి

ఈ గాలికీ బయటి గాలికీ తేడా ఏముందో, అదీ కంటికి కనపడదు ఇదీ కనపడదు, ఇది మాత్రం గుంటూరు నుంచి ఇనుప సిలిండర్‌లో దర్జాగా రైలెక్కి వచ్చింది, మణెమ్మ ఇన్నేళ్లొచ్చినా గుంటూరు చూడలేదు, ఆసుపత్రి మంచం మీద మొగుడు ఆదెయ్య ముక్కూ నోరూ కప్పిన రబ్బరు తొడుగులో అది బుస్సుమంటోంది, ఇవాళ్టికి పదోరోజు, మెదడుకు పోయే నరాలు సన్నబడినాయమ్మా, మూడేళ్లుగా రక్తం చాలీచాలకుండా పోతా ఉంది, పోయే ఆ కాస్త రక్తంలోనైనా ఆక్సిజన్ నిండుగా ఉంటే తెలివి నిలబడొచ్చు, పొద్దున గంటసేపు పెట్టి చూద్దాం అన్నాడు డాక్టరు సుందరరాజు, పదిరోజుల్లో నిన్ను గుర్తుపడితే ఇంకో సిలిండరు తెప్పిస్తా, లేదంటే ఇంటికి తీసుకుపో, అంతే, డాక్టరు మాటలెప్పుడూ అంత తెగ్గొట్టినట్టే.

మొదటిరోజే తర్లుపాడు నుంచి ఆడబిడ్డ కృష్ణవేణమ్మ ఏడుస్తూ దిగింది, గాలి పెట్టినారంటే ఇంక ప్రాణం పోయేటప్పుడే గదా వదినా అని, చచ్చేవాళ్లకు తప్ప గాలి పెట్టరని ఊళ్లో అందరి నమ్మకం, అన్న ఇడ్లీ తింటూ కూర్చోవడం చూసి ఎటూ తోచక తానూ రెండు తిని సాయంత్రం బస్సుకు పోయింది, మణెమ్మకు ఏడుపూ రాలేదు నవ్వూ రాలేదు, ఈ మూడేళ్లుగా ఏదీ రావడం లేదు, లోపల పలకల దుమ్ము పేరుకుపోయింది కాబోలు, ముప్పై ఏళ్లు బడిపిల్లల రాతిపలకలు కోసే కొట్టంలో మొగుడి పక్కనే కూర్చుని మింగిన దుమ్ము, ఆయన రాయి ఎడమచేత ఎత్తి వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేవాడు, ఖంగుమంటే పెద్ద పలక, మొద్దుగా మోగితే లోపల కనపడని పగులు, పక్కన పెట్టు, రోజుకు నూరుసార్లు ఆ మాటే, పెళ్లాంతో అంతకు మించి మాట్లాడిందీ తక్కువే, ఇప్పుడు అన్నం పెడితే ఎవరమ్మా నువ్వు, చల్లగుండు తల్లీ అంటున్నాడు.

నర్సు సువార్తమ్మ తొడుగు తీసి సిలిండర్ కట్టేసింది, బుస్సుమనడం ఆగింది, ఆదెయ్యా, ఈమె ఎవరో చెప్పు అన్నాడు డాక్టరు, ఆదెయ్య మర్యాదగా చూశాడు, ఎవరో తల్లి సార్, మంచిది, రోజూ వస్తాది, డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు, మణెమ్మ గుండెలో ఏమీ జరగలేదు, వంగి చాప చుట్టుకుంటోంది, వెనక టక్కుమంది, ఆదెయ్య సిలిండర్‌ను కణుపుతో కొట్టి చెవి ఒగ్గాడు, ఖంగుమంది, బాగుందన్నట్టు తలూపి, అదే కణుపుతో తన నుదుటి మీద కొట్టుకున్నాడు, చెవి ఒగ్గాడు, చాలాసేపు విన్నాడు, ఇది పగిలింది, పక్కన పెట్టు.

సువార్తమ్మ నవ్వింది, మణెమ్మ చేతిలోంచి చాప జారిపోయింది, తెలుసన్నమాట, మూడేళ్లుగా ఆయనకు తెలుసు, తెలియంది తనకే, కళ్లల్లో నీళ్లెప్పుడొచ్చాయో చూసుకోలేదు, పక్కన పెట్టమంటే పారెయ్యమని కాదే, ఒక్క రాయి పారెయ్యనిచ్చాడా ఎప్పుడైనా, పగులు దాకా కోసేసి మిగిలిన ముక్కలో చిన్నపిల్లల పలక తీసేది, ఆ కోత ఎవరిది, ముప్పై ఏళ్లుగా ఆయన పక్కన పెట్టిన ప్రతి రాయీ వచ్చింది తన ఒళ్లోకే.