సగం కొట్టిన గిన్నె

"అందరికీ కాఫీ ఇచ్చేటప్పుడు అరచేతులు కనబడనీకమ్మా, ఆ కాయలు చూస్తే మేమేదో చాకిరీ చేయించామనుకుంటారు," అంది అత్తగారు పొద్దున్నే, ఎంతో ప్రేమగా. సాయంత్రం కొత్తకోడల్ని చూడటానికి చుట్టాలొస్తున్నారు. ఆమె సరేనని నవ్వింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకి దేనికైనా నవ్వే వస్తోంది. రెండు టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డా మనసు గాల్లో తేలిపోతుంది. ఇల్లు తుడిచి, వంటచేసి, అందరి డబ్బాలూ కట్టి కాలేజీకి పరిగెత్తడం కూడా కాపురంలో ఒక ఆటలాగే ఉంది. "మా ఆవిడ చేతిలో సుత్తుంటుంది, నేను నోరెత్తను" అని ఆయన స్నేహితుల దగ్గర అంటే అందరికంటే ముందు ఆమే నవ్వింది.

కాలేజీ వర్క్‌షాపులో మాత్రం నవ్వడం గుర్తుండేది కాదు. గుండ్రంగా కత్తిరించిన రాగిరేకుని ఇసుకసంచి మీద పెట్టి, కొయ్యసుత్తితో అంచు నుంచి లోపలికి వరసగా కొట్టుకుంటూ రావాలి. కొట్టేకొద్దీ రేకు బిగుసుకుపోతుంది, మోత మారుతుంది. అప్పుడు మంటలో కాల్చి మెత్తబరచాలి. లేదంటే చీలిపోతుంది. ఆ మోత పట్టుకోవడం తెలిసేలోపు ఎన్ని రేకులు పాడుచేసిందో. ఈ గిన్నె ఇవాళ మాస్టారికి అప్పజెప్పాలి. ఊహ తెలిసినప్పట్నుంచీ తోమిన గిన్నెలకి లెక్కేలేదు. తన చేతుల్లో పుట్టబోతున్నది మాత్రం ఇదొక్కటే.

సగమయ్యేసరికి గుమ్మంలో ఆయన. చుట్టాలు ముందే దిగిపోయారట, అమ్మ కంగారుపడుతోందట. ఆమె సుత్తి దింపేలోపే తిన్నగా మాస్టారి దగ్గరికెళ్ళి, ఆమెకెంతో ఇష్టమైన ఆ నవ్వుతో ఏదో చెప్పాడు. దానికేముంది, మార్కుల సంగతి నేను చూసుకుంటానన్నాడు మాస్టారు. పక్కబల్ల దగ్గరి విద్యార్థి అప్పుడే ఆమె సుత్తి అందుకున్నాడు.

"వెళ్ళక్కా, మిగతాది నేను కొట్టేస్తా."

అందరూ మంచివాళ్ళే. ఆమె చేతులు కడుక్కుంటుంటే ఆయన ఆమె సంచీని తన భుజానికి తగిలించుకున్నాడు. అదీ ముచ్చటగానే ఉంది. ఇంతలో వెనక సుత్తి మోగింది. బిగుసుకుపోయిన రేకు మోత. కాల్చకుండా కొడుతున్నాడు, ఇంకాసేపట్లో చీలుతుంది. ఆయన మాస్టార్ని అడిగాడు, మాస్టారు సరేనన్నాడు, పక్కబల్ల అతను పని అందుకున్నాడు. తననెవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? అడక్కముందే నవ్వుతూ తలూపే మనిషిని ఎవరైనా ఎందుకడుగుతారు?

తడిచేతులతోనే వెనక్కి వచ్చి గిన్నె అందుకుంది. పట్టకారుతో పట్టి మంట మీదికి చేర్చింది.

"ఇంట్లో బోలెడు గిన్నెలున్నాయి, పద," అన్నాడాయన, ఆమె నవ్వుతుందని చూస్తూ.

"ఇది నాది. మీరెళ్ళండి, పూర్తిచేసి వస్తాను."

గదిలో అందరూ పని ఆపారు. రాగి మెల్లగా ఎర్రబడుతోంది. ఆయన భుజమ్మీది సంచీ దింపి బల్లమీద పెట్టాడు.

"ఎంతసేపు పడుతుంది?"

ఈ గదిలోకి వచ్చాక ఆయన ఆమెని అడిగిన మొదటి మాట అది.

"అయ్యేదాకా," అంది.