ఓంప్రకాశ్ కాక ఖాళీగా వదిలిన గడి

కంప్యూటర్‌లో ఖాళీ గడి కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో అన్నం తిని కంచం అక్కడే వదిలేసి పోయినట్టుంటుంది. సిద్దిపేటలో ప్రభాకరన్న టెంట్ హౌస్‌లో చేరిన మొదటి వారంలోనే అక్కడి రికార్డుల్లో అలాంటి ఖాళీలు నలభై ఒకటి లెక్కపెట్టాను.

మా దగ్గర ప్రతి బుకింగ్‌కూ ఒక వరుస ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, ఊరు, తేదీ, ఎన్ని టెంట్లు, ఎన్ని కుర్చీలు, వంటకు ఎన్ని గుండిగలు. వాటి మధ్యలో 'కార్యం' అని ఒక గడి. పెండ్లి, పుట్టువెంట్రుకలు, చీరల ఫంక్షన్, గృహప్రవేశం, ఇలా ఏదో ఒకటి అందులో ఉండాలి. ఆ నలభై ఒక్క వరుసల్లో మిగతావన్నీ ముత్యాల్లా నింపి, ఆ ఒక్క గడి మాత్రం వదిలేశారు.

నింపింది ఓంప్రకాశ్ కాక. అరవై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆ కౌంటర్ దగ్గరే ఉన్నాడు. ముందు పొడుగాటి పుస్తకంలో రాసేవాడు, తర్వాత కంప్యూటర్ వస్తే రెండు వేళ్లతో కొట్టడం నేర్చుకున్నాడు. పొద్దున రాగానే గల్లా పెట్టె పైనున్న లక్ష్మీదేవి పటానికి దీపం పెట్టనిదే స్విచ్ కూడా వేయడు.

"కాకా, గీ గడి ఎందుకు ఖాళీ ఇడిసినవ్?" అని అడిగాను.

ఆయన దీపం వైపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గది గట్లనే ఉండనియ్యి బిడ్డా."

"గట్లనే అంటే ఎట్ల? కంప్యూటర్‌కు తెల్వాలె గద!"

"దానికి తెల్వకున్నా మనకు తెలుసు గద," అన్నాడు.

ఆ 'మనకు'లో నేను లేనని నాకు తట్టలేదు. ముసలాయనకు బద్ధకం అనుకున్నాను. పని చెయ్యకుండా పెద్దరికం చూపించేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు.

నన్ను పెట్టుకున్నదే ఒక పనికోసం. అంతకుముందు పొద్దున్నే పనివాళ్లంతా కాక చుట్టూ నిలబడేవాళ్లు. ఆయన ఒక్కొక్కరికీ నోటితో చెప్పేవాడు, వాళ్లు అరచేతి మీద రాసుకునేవాళ్లు. ఒకసారి మూడు వందల కుర్చీలు వేరే ఊరికి పోయాయి. పెండ్లివాళ్లు ప్రభాకరన్నను ఫోన్‌లో నానా మాటలూ అన్నారు.

"వందనా, గిట్ల గాదు. ఒక కాయిదం రావాలె. కాయిదంల ఉన్నదే బండెక్కాలె," అన్నాడు అన్న.

పది రోజులు కూర్చుని ఆ కాగితం తయారుచేశాను. ఎట్లా అంటే, ముందు ఒక నమూనా పేజీ గీసి పెట్టుకోవాలి. పేరు రావాల్సిన చోట పేరు, ఊరు రావాల్సిన చోట ఊరు, రికార్డులోంచి అవే వచ్చి కూర్చుంటాయి. ఫోన్ నంబరు కొడితే చాలు, పాత గిరాకీ అయితే పేరు కూడా తనే వెతుక్కుంటుంది. పైన రంగుల్లో మా దుకాణం పేరు, దాని కింద కార్యం, ఆ కింద గిరాకీకి ఒక శుభాకాంక్ష, తర్వాత సామాను పట్టిక. మొదటి ప్రింటు వెచ్చగా చేతిలోకి వచ్చినప్పుడు, నిజం చెప్పొద్దూ, నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఖాళీ గడి దగ్గర మాత్రం నమూనా చెడింది. కార్యం లేకపోతే శుభాకాంక్ష సగంలో తెగిపోయి వికారంగా కనబడుతోంది. కాకను మళ్లీ అడగడానికి నాకు అహం అడ్డొచ్చింది. గడి ఖాళీగా ఉంటే 'శుభకార్యం' అని వేసుకొమ్మని కంప్యూటర్‌కు చెప్పేశాను. ఆ ఏడు ప్రతి శుభకార్యానికీ స్వాగత గేటు, సీరియల్ బల్బులు ఉచితమని ప్రభాకరన్న ప్రకటించి ఉన్నాడు. ఆ రెండూ పట్టికలో వాటంతటవే చేరేట్టు కూడా చేశాను. ఇకనుంచి నోటి మాట నడవదని అన్నతో అందరి ముందూ చెప్పించాను. పని అయ్యాక ఫోటో తీసి గ్రూపులో పెట్టాలన్నది కూడా నా నియమమే. కాక ఒక మూల నిలబడి విన్నాడు.

ఆ వారంలోనే ఒక బుధవారం కాక సెలవు పెట్టాడు. మనవరాలు రిషితకు అక్షరాభ్యాసమని ఇంటిల్లిపాదీ వర్గల్ సరస్వతి గుడికి పోయారు. ఆ పొద్దున కాగితాలన్నీ నేనే తీసి పంచాను. మద్దూరు దగ్గరి ఒక పల్లెకు హరీశ్ ట్రాలీ వేసుకుని పోయాడు. రంగు టెంట్లు రెండు, నూటయాభై కుర్చీలు, గేటు, బల్బులు. హరీశ్ నాకంటే రెండేళ్లు చిన్న. పనిమంతుడే గాని, ప్రతిదానికీ అడిగే అలవాటు.

తొమ్మిది కాకముందే ఫోన్ చేశాడు. "వందనక్కా, ఇంటికి తాళం ఉన్నది. ఎవ్వలు లేరు."

"టెంటు ఎయ్యనీకి ఇంట్ల మనుషులెందుకు? జాగ ఉందిగద?"

"జాగ ఉన్నది. గాని అక్కా, ఇంటి ముంగట ముగ్గు లేదు."

నా ముందు మరో ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. పక్కన ఇంకో ఫోన్ మోగుతోంది. "ముగ్గు ఏస్తరో ఎయ్యరో మనకెందుకు హరీశ్? నువ్వేమన్న పెండ్లిచూపులకు పోయినవా?"

"గేటు ఎయ్యాల్నా మరి?"

"కాయిదంల ఉందా లేదా?"

"ఉన్నది. గాని అరుగు మీద..."

"ఉంటే ఎయ్యి! చదువొచ్చు గద నీకు!" అని ఫోన్ పెట్టేశాను.

తొమ్మిదిన్నర దాటాక ఫోటో వచ్చింది. ఎర్రటి, పచ్చటి గుడ్డతో గేటు, మధ్యలో పెద్దక్షరాల 'స్వాగతం', చుట్టూ బల్బులు. బాగా కట్టాడు అనుకున్నాను. కట్టిన ముడులు చూద్దామని ఫోటోను వేళ్లతో పెద్దది చేశాను. గేటు వెనక అరుగు మీద ఒక స్టూలు, దాని మీద ఒక మగమనిషి ఫోటో కనబడ్డాయి. ఫోటోకు బంతిపూల దండ వేసి ఉంది. ముందు దీపపు కుంది.

ఎందుకో ఆ నలభై ఒక్క వరుసలూ తెరిచాను. ఒక్కదానిలోనూ బాజాలు లేవు, స్టేజీ లేదు, గేటు లేదు. అన్నీ ఒకటి రెండు రోజుల ముందు చేసుకున్నవే. పెండ్లికి ఎవరైనా ఒక్కరోజు ముందు టెంటు చెప్తారా? ఇంత తెలివిగలదాన్ని, పది రోజులు వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నాను గదా, నాకెందుకు కనబడలేదు!

అయ్యో దేవుడా అనుకుంటూ, మొదటి నంబరు ఎవరూ ఎత్తకపోతే, రికార్డులో ఉన్న రెండో నంబరుకు చేశాను. ఎత్తినాయన పేరు రాజనర్సు. మా దుకాణానికి వచ్చి కాకకు టెంటు చెప్పింది ఆయనే. "మా మామ సిద్ధయ్యది పదకొండోనాడు గదమ్మా. అందరం బావి కాడున్నం. పన్నెండు వరకు ఇంటికొస్తం. తెల్ల టెంటు ఏసిన్రా?" అన్నాడు. వేస్తున్నామని అబద్ధం చెప్పాను.

హరీశ్ అప్పటికే ఇంకో పనికి గజ్వేల్ దారి పట్టాడు. వెనక్కి తిరగమని అరిచాను. ఓంప్రకాశ్ కాక ఫోన్ ఆపేసి ఉంది. దుకాణం ప్రభాకరన్నకు అప్పజెప్పి, కిరాయి ట్రాలీలో తెల్ల టెంట్లు వేయించి నేనూ బయల్దేరాను. వాళ్లు ఇల్లు చేరేలోపు ఆ గేటు దిగాలి. దారి పొడవునా నా నోట వేరే మాట రాలేదు. డ్రైవర్‌ను ఎన్నిసార్లు తొందరపెట్టానంటే, చివరికి ఆయన "నువ్వే నడుపు తల్లీ" అన్నాడు.

మేం పోయేసరికి పదకొండున్నర. వాళ్లు మాకంటే ముందే వచ్చేశారు.

నలభై మందిదాకా తడిబట్టలతో వీధిలో నిలబడి ఉన్నారు. గేటు కింద నుంచి ఇంట్లోకి పోవడానికి ఒక్కరికీ కాళ్లు రాలేదు. హరీశ్ నిచ్చెన మీద ఉండి ముడులు విప్పుతున్నాడు, కంగారులో బల్బులు ఆర్పడం మరచిపోయాడు. మిట్టమధ్యాహ్నం అవి ఎర్రగా, పచ్చగా మెరుస్తూనే ఉన్నాయి. కొందరు మగవాళ్లు హరీశ్‌ను తిడుతున్నారు. అతను ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు.

అందరికీ ముందు కొమురవ్వ, సిద్ధయ్య భార్య. ఆమె మణికట్ల మీద సన్నటి ఎర్రటి గీతలున్నాయి. గాజులు తీసి గంట కూడా అయి ఉండదు.

నేను పోయి స్విచ్ తీసేశాను. "ఆయన్ను ఏమనకుండ్రి. గిది నేను పెట్టిచ్చిన," అన్నాను.

ఆమె కూతురు సుచిత్ర హరీశ్ జేబులోంచి కనబడుతున్న కాగితాన్ని లాక్కుంది. పైకి చదవడం మొదలుపెట్టింది. "శ్రీ సిద్ధయ్య గారికి... మీ ఇంట జరిగే శుభకార్యానికి మా హృదయపూర్వక..." అక్కడ ఆగిపోయింది. "అవ్వా, బాపు పేరు మీదనే వచ్చిందే," అంది.

మూడేళ్ల కింద ఈ సుచిత్ర పెండ్లికి టెంటు చెప్పింది సిద్ధయ్యే. భీవండి నుంచి సెలవు మీద వచ్చి, తన నంబరు తనే ఇచ్చిపోయాడట. రాజనర్సు కూడా ఆ నంబరే మొదట చెప్పాడు. నా నమూనా ఆ నంబరు చూసి, పేరు వెతుక్కుని, చనిపోయిన మనిషికి శుభాకాంక్షలు చెప్పింది.

కొమురవ్వ నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నీకు చెప్పెటోళ్లు లేకపాయెనా బిడ్డా?" అంది.

"ఉన్నరు పెద్దమ్మా," అన్నాను. "నేనే ఇన్లే."

గేటు దిగాక ఆమె తలవంచుకుని లోపలికి పోయింది. మేం తెల్ల టెంట్లు కట్టి, కుర్చీలు వేశాం. పోయేటప్పుడు సుచిత్ర ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మీదే గద, తీస్కపోండ్రి," అంది. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

మర్నాడు ప్రభాకరన్న దుకాణం కప్పు ఎగిరేలా అరిచాడు. 'అశుభం' అని ఇంకో మాట ఆ గడిలో చేర్చి పారెయ్యమన్నాడు. ఆయన వెళ్లాక ఓంప్రకాశ్ కాక దీపం వత్తి సరిచేస్తున్నాడు. నాకు సిగ్గూ కోపమూ కలిసి ఏడుపొచ్చింది.

"ఒక్కమాట చెప్తే ఏమాయె కాకా? నేను అడిగిన గద!"

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "దీపం ముంగట ఆ మాట అనబుద్ధి గాదు బిడ్డా. నీకు పక్కకు పిల్సి చెప్పాల్సుండె. నాది గూడ తప్పే." దీపం వైపు చెయ్యి చూపాడు. "గాని, ఒక్క దీపం సంగతే గాదు. ఇంట్ల మనిషిని పోగొట్టుకున్నోడు వచ్చి గీ కౌంటర్ కాడ నిలబడతడు. ఏం కార్యం అని నేనడగాలె, ఆయన నోటెంట చెప్పిచ్చాలె, నేను రాసుకోవాలె. నాతోని గాదమ్మా. ఎన్ని కుర్చీలు అని అడుగుత. ఆయనకు సమజైతది, నాకు సమజైతది."

ఇరవై రెండేళ్లు ఒక మనిషి ఒక ప్రశ్న అడగకుండా పనిచేశాడు. దానికి నేను బద్ధకం అని పేరు పెట్టాను.

'అశుభం' చేర్చలేదు. ప్రభాకరన్నకు కాకే ఏదో సర్దిచెప్పాడు. నేను నమూనాను మళ్లీ గీశాను. గడి ఖాళీగా ఉంటే కాగితం మీద పైన ఏమీ రాదు. రంగులు, శుభాకాంక్ష, గేటు ఉండవు. ఊరు, తెల్ల టెంట్లు, కుర్చీలు, నీళ్ల డ్రమ్ములు, అంతే. పేరు పాత రికార్డులోంచి రాదు, అడిగి రాయాలి.

మొన్న ఫోన్ మోగినప్పుడు కాక టీకి పోయాడు, నేనే ఎత్తాను. ఎవరో యువకుడు.

"అక్కా, టెంటు గావాలె. రేపటికి."

ఊరు చెప్పాడు, రాసుకున్నాను. "ఎవరి పేరు మీద రాయాలె?"

"రాజమల్లయ్య," అన్నాడు చటుక్కున. అంతలోనే దిద్దుకున్నాడు. "కాదక్కా, మా బాపు పేరు వద్దు. వినయ్ అని రాయిండ్రి."

కర్సర్ 'కార్యం' గడిలో కొట్టుకుంటోంది. నేను దాన్ని దాటించి పక్క గడిలోకి పోయాను.

"ఎన్ని కుర్చీలు తమ్మీ?" అన్నాను.

అతను గట్టిగా ఊపిరి తీసుకోవడం వినబడింది. "ఒక వంద చాలక్కా," అన్నాడు.

ప్రింటు తీసి హరీశ్‌కు ఇచ్చాను. అతను కాగితం పైభాగం చూశాడు, ఒక్క మాటా అడగలేదు. తెల్ల టెంట్లు పెట్టిన మూలకు నడిచాడు.