సైకిల్ డాక్టరమ్మ వీధి

మా వీధికి పేరు లేదు. ఇళ్ళకి ఉన్నాయి. ప్రతి గేటు పక్కనా నల్లరాతి మీద ఇంటి పేరు చెక్కించి ఉంటుంది. గేటు తుప్పు పట్టి ఊడిపోతున్నా రాయి మాత్రం తళతళలాడుతుంటుంది. వీధిని మాత్రం "ట్రాన్స్‌ఫార్మర్ పక్క సందు" అంటారు. చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు చాలా ఉండటంతో మా గ్యాస్ సిలిండర్లు మా ముఖం చూడకుండానే వేరేవాళ్ళ ఇళ్ళలో వంటలు చేసేవి.

మునిసిపాలిటీవాళ్ళు వీధులకి బోర్డులు పెడుతున్నామన్నారు. మీరంతా కలిసి ఒక పేరు చెప్పండి, చెప్పకపోతే నంబరు వేస్తాం అన్నారు. "అంతా కలిసి" అన్నారంటే, పాపం, వాళ్ళకి మా వీధి గురించి తెలియదు.

ప్రెసిడెంటు గారింటి వరండాలో సమావేశం పెట్టారు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఆయనింట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కువ, అందుకని ఆయనే వీధి సంఘానికి ప్రెసిడెంటు.

"మా నాన్నగారి పేరు పెడితే సబబుగా ఉంటుంది," అన్నారాయన. "ఈ వీధిలో మొదట మేడ కట్టింది ఆయనే."

"కట్టారు, మా పెరట్లోకి ఎండ రాకుండా," అన్నాడు బ్యాంకు మావయ్య. ఆయన ఎవరికీ మావయ్య కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, అందరికీ సలహాలిస్తాడు, అలా మావయ్య అయిపోయాడు. "ఈ వీధికి మొదటి కుళాయి తెప్పించింది మా నాన్న."

"తెప్పించి మీ గేటు లోపల పెట్టించుకున్నారు."

నేనూ ఊరుకోలేదు. మా నాన్న పేరు చెప్పాను.

"మీ నాన్నేం చేశాడయ్యా?" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఆ రోజు వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

"ఎవరి జోలికీ పోలేదు," అన్నాను. ఈ వీధిలో అది చిన్న విషయం కాదు.

అప్పుడు మా అక్క లేచింది. అక్క ప్రభుత్వాసుపత్రిలో పురుళ్ళ వార్డు హెడ్ నర్సు. మా ఇంటి కింది వాటాలో ఉంటుంది. వయసులో నాకన్నా కొంచెమే పెద్ద, అధికారంలో మా అమ్మకన్నా పెద్ద.

"సైకిల్ డాక్టరమ్మ పేరు పెడదాం," అంది.

మా ఊళ్ళో వైద్యం చదివిన మొట్టమొదటి ఆడమనిషి ఆవిడ. మా వీధి చివరింట్లోనే ఉండేది. ఆడవాళ్ళు సైకిలెక్కితే జనం వింతగా చూసే రోజుల్లో, హ్యాండిల్‌కి సంచీ తగిలించుకుని ఇంటింటికీ వెళ్ళి పురుళ్ళు పోసింది. మొదట్లో రాళ్ళేశారట. తర్వాత రాళ్ళేసినవాళ్ళ పెళ్ళాలకి నొప్పులొచ్చాయి. రాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ పోయాక ఆ ఇల్లు కొట్టేసి అపార్ట్‌మెంటు కట్టారు, దానికి బిల్డరు మనవడి పేరుంది. ఆవిడ మొదలుపెట్టిన వార్డుకి ఒక సిమెంటు వ్యాపారి పేరుంది. అక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ చేతికిందే పని నేర్చుకుంది.

"మంచావిడేనమ్మా," అన్నారు ప్రెసిడెంటు గారు. "కానీ వీధికి ఆడపేరంటే… చుట్టాలేమనుకుంటారు?"

"మీ నాన్నగారు ఇదే వరండాలో గోళ్ళు కొరుక్కుంటూ తిరుగుతుంటే, లోపల మిమ్మల్ని బయటికి లాగిందెవరు బాబాయ్ గారూ?"

"నాకు గుర్తులేదమ్మా," అన్నారాయన, నిజాయితీగా.

తర్వాతి సమావేశాలూ అలాగే సాగాయి. నాన్నలు పెరిగారు. ఒకాయన తాతగారినీ తెచ్చాడు.

అక్క సమావేశాలు మానేసి మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళొచ్చింది. ఆ సాయంత్రం మా వంటింట్లో స్టూలు మీద కూర్చుని చెప్పింది. "వీళ్ళు తేల్చకపోతే ఆఫీసరొచ్చి జనం ఈ వీధిని ఏమని పిలుస్తున్నారో చూస్తారట రా. వాడుకలో పేరుంటే అదే రాసేస్తారు, లేకపోతే నంబరు. కాబట్టి డాక్టరమ్మ వీధి అనాలి. అందరూ అనాలి."

"మరి నాన్న?" అన్నాను.

"నాన్నకి నువ్వున్నావు. మన గేటు మీద రాయుంది. ఆవిడకేముంది? ఈ వీధి కూడా పోతే, ఆవిడ ఈ ఊళ్ళో పుట్టనట్టే."

మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, "అక్కయ్య చెప్పింది న్యాయం," అంది. ఇంట్లో రెండు ఓట్లు అటుపోయాక నా ఓటుకి పెద్ద విలువ ఉండదు.

తర్వాతి సమావేశంలో అక్క వాదించలేదు. ఆఫీసరు వచ్చి చూసే సంగతి దాచకుండా చెప్పింది.

"ఆలోపు తేల్చేస్తాంలే," అన్నారందరూ, ఎవరికివాళ్ళు తమ నాన్నని తలుచుకుని.

"తేల్చుకోండి. అప్పటిదాకా తాత్కాలికంగా సైకిల్ డాక్టరమ్మ వీధి అనుకుందాం. సిలిండర్లన్నా వస్తాయి."

అందరూ ఆలోచించారు. బ్యాంకు మావయ్య వాళ్ళ నాన్న పేరు తన నోటితో పలకడం కన్నా ప్రెసిడెంటు గారు పచ్చి కూరగాయలు తినడానికైనా సిద్ధం. మావయ్యదీ అదే పట్టుదల. డాక్టరమ్మకి కొడుకుల్లేరు. ఆవిడ పేరు ఎన్నిసార్లన్నా మీసం మెలేసేవాడు వీధిలో ఒక్కడూ లేడు. అంతకన్నా ప్రమాదం లేని పేరు ఎక్కడ దొరుకుతుంది?

"తాత్కాలికమే కదా?" అన్నాడు బ్యాంకు మావయ్య.

"తాత్కాలికమే మావయ్యా."

మా మేడ మీద తాత్కాలికంగా వేసిన రేకులకి ఇప్పటికి మూడుసార్లు రంగులేయించాం. ఆ మాట నేను అక్కడ అనలేదు.

ముందు సిలిండర్లొచ్చాయి. తర్వాత పాలు, కొరియర్లు, చుట్టాలు. ప్రెసిడెంటు గారి కోడలు ట్యూషన్ సెంటరు పెట్టి, కరపత్రాల మీద ఆ వీధి పేరే వేయించింది. మెయిన్ రోడ్డు మీద ఆటోవాళ్ళు "డాక్టరమ్మ, డాక్టరమ్మ" అని కేకలేసి ఎక్కించుకునేవాళ్ళు. మావాళ్ళు మాత్రం ఇదంతా తాత్కాలికమేనన్న ధీమాలో ఉన్నారు.

చివరికి ఆఫీసరు వచ్చింది. చిన్నపిల్లలా ఉంది, చేతిలో గొడుగు. వరండాలో అందరూ ఇస్త్రీ చొక్కాలతో కూర్చున్నారు. అక్క గుమ్మం దగ్గర నిలబడింది, డ్యూటీ చీరలోనే. మామూలుగా ఎవరికీ భయపడని మనిషి, కొంగు చివర వేలికి చుట్టి విప్పుతోంది.

"ఈ వీధిని ఏమంటారండీ?"

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని తన తండ్రి పేరు బిరుదులతో సహా చెప్పారు. "ఊరంతా అలాగే అంటారు."

"అయితే ఆ పేరు చెప్పి ఒక ఆటో పిలవండి. స్పీకర్ పెట్టండి," అంది ఆఫీసరు.

ఆయన ఆటో స్టాండుకి ఫోన్ చేసి పేరంతా చెప్పారు.

"అదెక్కడండీ? ఈ ఊళ్ళోనేనా?" అంది ఫోను.

"ఇక్కడేనయ్యా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన…"

"ఏ ట్రాన్స్‌ఫార్మరు?"

"మెడికల్ షాపు దాటి, ఎడమచేతివైపు… ఆ మలుపులో కుక్క పడుకుని ఉంటుంది చూడూ…"

"సైకిల్ డాక్టరమ్మ వీధా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా పెద్దాయనా! ప్రాణం తీశారు!"

బ్యాంకు మావయ్య అవకాశం వదులుకునే మనిషి కాదు. వెంటనే తన ఫోన్ తీసి, తన తండ్రి పేరు స్పష్టంగా, ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పాడు.

"మళ్ళీ ఇంకోటా?" అంది ఫోను. "మీరూ డాక్టరమ్మ వీధేనా? ఒక ఆటో పంపించాం కదండీ, సర్దుకుని రండి!"

వరండాలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వనిది బిరుదులున్న ఆయన కొడుకూ, కుళాయి ఆయన కొడుకూ.

ఆఫీసరు నావైపు తిరిగింది. "మీ నాన్నగారు కూడా పోటీలో ఉన్నారటగా?"

"ఉన్నారండీ, గేటు మీద," అన్నాను. "వీధి మాత్రం సైకిల్ డాక్టరమ్మదే."

మా నాన్న ఎవరి జోలికీ పోయేవాడు కాదని చెప్పానుగా.

ఈలోగా ఆటో వచ్చి సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. ఆఫీసరు గొడుగు తీసుకుని, "బోర్డు మీద ఆవిడ పూర్తి పేరుండాలి. ఎవరికైనా తెలుసా?" అంది. వీధి మొత్తం నేలచూపులు చూసింది. అక్క ఇంటిపేరుతో సహా, చదువుతో సహా, తడుముకోకుండా చెప్పింది. ఒక్క అక్షరం కూడా జారలేదు.

బోర్డు పెట్టిన రోజు పైన ఆ పూర్తి పేరు, కింద బ్రాకెట్లో "సైకిల్ డాక్టరమ్మ వీధి" అని రాశారు. ప్రెసిడెంటు గారు ప్లాస్టిక్ కుర్చీలన్నీ రోడ్డు మీద వేయించి, ఈ పేరు మన సంఘం దూరదృష్టితో సూచించిందనీ, తాను స్వయంగా ఆవిడ చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చాననీ ఉపన్యసించారు. ఇప్పుడాయనకి అంతా గుర్తుంది. కొరడా దెబ్బలాంటి ఆవిడ మాట కూడా గుర్తుందట. అక్క పడీపడీ నవ్వింది. పనిలోపని, బోర్డు ఒకవైపు ఒరిగిందని నిచ్చెన ఎక్కిన మనిషిని మళ్ళీ ఎక్కించి సరిచేయించింది.

మర్నాడు పొద్దున్నే వెనక వీధి ప్రెసిడెంటు మా గేటు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మా వీధిలో నాన్నలు తొమ్మిదిమంది తేలారు. కొట్టుకునేలా ఉన్నారు. మీ డాక్టరమ్మలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

అక్క చేతిలో టీ గ్లాసు గోడ మీద పెట్టింది.

"లేకేం! ఈ ఊళ్ళో మొదటిసారి కోర్టులో వాదించినావిడ ఉంది. మొదట లారీ తోలినావిడ ఉంది. ఆడపిల్లలకి మొదట బడి పెట్టినావిడ ఉంది. లోపలికి రండి, కూర్చోండి. మొత్తం మీ వైపు ఎన్ని వీధులున్నాయి?"