విజయకుమారి చేతి వేడి

ధనుర్మాసం వచ్చిందంటే ముక్తేశ్వరంలో కొండబాబు కొబ్బరికాయల లారీ పొద్దున్నే మొరాయించేది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, తెల్లపొగ కక్కుతుంది, అంటుకోదు. అప్పుడు అతని భార్య విజయకుమారికి కోపం తెప్పించేవారు.

కోపమొస్తే ఆవిడ అరచేతులు పెనంలా కాలతాయి. ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం మీద ఆనిస్తే చాలు, లారీ అందుకునేది. వీధిలో అందరికీ అలవాటే. పాలకి వెళ్లేవాళ్లు కూడా పుణ్యానికి ఓ మాట అనిపోయేవారు.

"పులుసు నిన్న కూడా ఉప్పుకషాయమేనంట కదండీ వదినగారూ!"

"ఆ చీర మీ పుట్టింటోళ్లు పెట్టిందాండీ? మసిగుడ్డనుకున్నాను."

లారీ స్టార్టయ్యేది. నవ్వుకుంటూ పోయేవారు. ఆవిడకి ఎలా ఉందో ఎవరూ అడగలేదు.

మెకానిక్ యాకోబు ఒక్కడే ఏటా చెప్పేవాడు. ఈ ఏడూ చెప్పేడు. "రింగులు అరిగిపోయేయండి. కంప్రెషన్ లేదు. ఇంజను దింపి, అరిగిన సిలిండర్లు బోరు చేయించాలండి."

"ఆవిడుండగా ఎందుకయ్యా? నువ్వు డీజిలు పంపు పెంచు. డీజిలెక్కువ పోతే ఇంకో రెండు టన్నులు లాగుద్ది" అన్నాడు కొండబాబు.

"లాగుద్దండి. కానీ అరిగిన ఇంజనండి. ఘాటు రోడ్లో పట్టేసి ఆగిపోయిందంటే బ్రేకులకి గాలి కూడా ఉండదండి."

"చెప్పింది చెయ్యి."

"ఆయ్" అని యాకోబు పంపు సీలు తెంపేడు. డీజిలు పెంచే స్క్రూ తిప్పేడు.

తోలవలసింది చిన్నకొడుకు దొరబాబు. పెద్దవాడు సింహాద్రి మూడేళ్ల కిందట ఇలాంటి లోడుతోనే మారేడుమిల్లి ఘాటులో పోయేడు.

మర్నాడు తెల్లారేసరికి బస్తాలు లారీ తలుపుల పైకి కట్టేసి ఉన్నాయి. దొరబాబు సెల్ఫ్ కొట్టేడు. తెల్లపొగ.

"చెయ్యి పెట్టవే అమ్మా, లేటయిపోతంది."

"లోడు దింపు. పెడతాను."

పులుసన్నారు, చీరన్నారు. ఆవిడ చేతులు కట్టుకు నిలబడింది. కొండబాబుకి ఒళ్లు మండింది.

"పెద్దాడు నిద్రపోయి చచ్చేడే! నా లోడు కాదు చంపింది. నువ్వు కన్నదే నిద్రమొహాన్ని."

పాలచెంబులు పట్టుకున్నవాళ్లు తలలు దించుకున్నారు.

విజయకుమారి వచ్చింది. గొట్టం జోలికి పోలేదు. నిన్న యాకోబు తిప్పిన పంపు స్క్రూని గోటితో వెనక్కి, ఆఖరి చుట్టు దాకా తిప్పింది. బొటనవేలితో అదిమింది. పెయింటు బుడగలెక్కింది. ఇనుము కాలిన వాసనేసింది. వేలు తీసేసరికి స్క్రూ తల కరిగి పంపులో కలిసిపోయి ఉంది.

పక్కనే ఉన్న యాకోబు వంగి చూసేడు. "ఇక తిరగదండి. సగం లోడైనా లాగదండి."

"ఎంత పని చేసేవే!" అని అరిచేడు కొండబాబు.

"సింహాద్రి నిద్రపోలేదు" అందావిడ.

దొరబాబు సీట్లోంచి దిగేడు. తల్లి మొహం చూసేడు, తండ్రి మొహం చూసేడు. లోడు మీదకెక్కి మోకులు విప్పేడు. మొదటి బస్తా వచ్చి కొండబాబు కాళ్ల ముందు పడింది.